నేలకి దగ్గరగా ఉండే కార్లకి లో-ప్రొఫైల్ ట్రాలీ జాకీ: తరచుగా అడిగే ప్రశ్నలు

రాజమండ్రి, కాకినాడ, భీమవరం, అమలాపురం చుట్టుపక్కల స్పోర్ట్స్ కారో, స్ప్రింగులు మార్చి కిందకి దించిన హ్యాచ్‌బ్యాకో పెట్టుకుని, ఆయిల్ మార్చడం, బ్రేక్ ప్యాడ్లు వేయడం, చక్రాలు అటూ ఇటూ మార్చడం ఇంటి దగ్గరే చేసుకునేవాళ్ల కోసం రాసింది ఇది. ట్రాలీ జాకీ అంటే చక్రాల మీద కారు కిందకి దొర్లించి, హ్యాండిల్‌తో పంపు కొట్టి ఎత్తే హైడ్రాలిక్ జాకీ. లో-ప్రొఫైల్ అంటే అందులోనే ఇంకా కిందకి దిగేది. జాకీ కొనేటప్పుడు అందరూ డబ్బా మీద టన్నులు చూస్తారు. చూడాల్సినవి ముందు మీ కారు కింద ఖాళీ, తరవాత మీ ఇంటి నేల. టన్నుల సంగతి ఆ తరవాతే.

కారుతో పాటు ఇచ్చిన జాకీ ఉంది కదా, మళ్లీ ఇదెందుకు?

ఆ కత్తెర జాకీ రోడ్డు పక్కన స్టెప్నీ మార్చుకోవడానికి మాత్రమే ఇస్తారు. అడుగు సన్నం, ఒక్క మూల మాత్రమే లేస్తుంది, పక్క నుంచి కాస్త తోపు తగిలితే ఒరిగిపోతుంది. రన్‌ఫ్లాట్ టైర్లతో (గాలి పోయినా కొంత దూరం నడిచేవి) వచ్చే చాలా కార్లలో అయితే స్టెప్నీ ఉండదు, జాకీ కూడా ఉండదు.

మామూలు ట్రాలీ జాకీకి, లో-ప్రొఫైల్‌కి అసలు తేడా ఎంత?

మామూలు రెండు టన్నుల చిన్న ట్రాలీ జాకీ పూర్తిగా దించినా 130 నుంచి 140 మి.మీ. ఎత్తులో ఉంటుంది. లో-ప్రొఫైల్‌వి 75 నుంచి 100 మి.మీ. మధ్య ఉంటాయి. తేడా మూడు నాలుగు వేళ్ల మందమే, కానీ కారు కిందకి దూరుతుందా దూరదా అన్నది ఆ నాలుగు వేళ్లలోనే తేలిపోతుంది.

నా కారుకి ఎంత ఎత్తు జాకీ కావాలో ఎలా కొలవాలి?

కంపెనీ చెప్పే గ్రౌండ్ క్లియరెన్స్ అంకె దీనికి పనికిరాదు. అది ఎక్కడ కొలిచారో మనకి తెలియదు, మీ కారు స్ప్రింగులు పాతబడి కూర్చుని ఉండొచ్చు. టేపు పట్టుకుని మీరే మూడు చోట్ల కొలవండి. కారు మీరు పని చేసే చోటే నిలబడి ఉండాలి, టైర్లలో గాలి సరిగా ఉండాలి.

మొదటిది, డోర్ల కింద గడపలా సాగే భాగంలో కంపెనీ జాకీ గుర్తు పెట్టిన చోటు. రెండోది, ముందు బంపర్ కింది అంచు. జాకీని ముందు నుంచి మధ్యలో ఉన్న సబ్‌ఫ్రేమ్ (ఇంజన్, సస్పెన్షన్ బిగించే ఇనుప చట్రం) దాకా తోయాలనుకుంటే అది ఈ అంచు కింద నుంచే పోవాలి. మూడోది, బంపర్ అంచు నుంచి ఆ సబ్‌ఫ్రేమ్ పాయింటు దాకా అడ్డదూరం. చాలామంది ఈ మూడోది కొలవరు, జాకీ ఇంటికొచ్చాక పొట్టిదైపోయిందని బాధపడతారు.

మొదటి రెండు ఎత్తుల్లో తక్కువదాన్లోంచి 15 మి.మీ. తీసేయండి. జాకీ గిన్నె (కారుకి ఆనే భాగం) మీద రబ్బరు ప్యాడ్ పెడతారు కదా, దాని మందం కూడా తీసేయండి. ఉదాహరణకి గడప పాయింటు 130 మి.మీ., ప్యాడ్ 20 మి.మీ. అనుకుంటే మిగిలేది 95. అప్పుడు 90 లోపు జాకీ తీసుకోవాలి.

పంక్చర్ అయినప్పుడు సంగతేమిటని కొందరు అడుగుతారు. 225/40 ఆర్18 టైరు పక్కగోడ ఎత్తు 90 మి.మీ. గాలంతా పోయి రిమ్ముకీ నేలకీ మధ్య టైరు నలిగిపోతే ఆ మూల అయిదు సెంటీమీటర్ల దాకా దిగిపోవచ్చు. 130 ఉన్న పాయింటు 80కి వస్తుందన్నమాట. 20 మి.మీ. ప్యాడ్ పెడితే 75 మి.మీ. జాకీ కూడా 95 అవుతుంది, దూరదు. అందుకని ముందు గాలి కొట్టి, అది మళ్లీ దిగేలోగా ఎత్తుకోవాలి. చిన్న లీకైతే అది చాలాసార్లు పనిచేస్తుంది.

జాకీ ఎంత ఎత్తుకి లేవాలి?

బేరం చెడేది ఎక్కువగా ఇక్కడే. కింద 80 మి.మీ.కి దిగే జాకీల్లో కొన్ని పైకి 350 దగ్గరే ఆగిపోతాయి. చక్రం విప్పడానికి అది చాలు. కారు కిందకి దూరి ఆయిల్ మార్చాలంటే మాత్రం చాలకపోవచ్చు.

లెక్క ఇలా చూడండి. ఎత్తిన కారుని మోయడానికి కింద స్టాండ్లు పెడతారు. మార్కెట్లో దొరికే రెండు, మూడు టన్నుల స్టాండ్లు చాలావాటికి కనీస ఎత్తు 270 నుంచి 290 మి.మీ. ఉంటుంది. స్టాండు గడప కింద దూరాలంటే గడప కనీసం 300కి లేవాలి. మీరు జాకీ పెట్టింది ముందు సబ్‌ఫ్రేమ్ మధ్యలో అనుకోండి. జాకీ ఎత్తడం మొదలుపెట్టగానే కారు ముందు భాగం లేస్తుంది కానీ, స్ప్రింగులు సాగినంతసేపు చక్రాలు నేలనే అంటిపెట్టుకుని ఉంటాయి. మామూలు సస్పెన్షన్‌లో ఇది అయిదారు సెంటీమీటర్లయినా ఉంటుంది, గట్టి స్ప్రింగులైతే తక్కువ. మనకి కావాల్సింది గడప ఎత్తు కాబట్టి గడప దగ్గరే కొలుస్తూ ఎత్తాలి. సబ్‌ఫ్రేమ్ పాయింటు ముందు ఇరుసుకి దగ్గర్లోనో, ఇంకాస్త ముందుకో ఉంటుంది. గడప పాయింటు దానికి వెనక. వెనక చక్రాల మీద కారు తూగుతుంది కాబట్టి జాకీ లేచినంత ఎత్తు గడప లేవదు. జాకీ దగ్గర 200 మి.మీ. లేస్తే గడప దగ్గర 160, 170 రావడం మామూలే.

అందుకని కారు కిందకి దూరే పని ఉన్నవాళ్లు పైఎత్తు 450 మి.మీ. దాటే జాకీ చూసుకోవాలి. చక్రాలు, బ్రేకుల పని మాత్రమే అయితే 350 నుంచి 380 చాలు.

ఎన్ని టన్నులది?

కారు బరువంతా జాకీ మీద పడదు. 1,500 కేజీల కారులో ముందు భాగం వాటా 60 శాతం అనుకుంటే, ముందు నుంచి ఎత్తినప్పుడు జాకీ మోసేది 900 కేజీలు. ఒక పక్క మధ్యలోంచి ఎత్తినా 750 చుట్టుపక్కలే. కాబట్టి ఒకటిన్నర టన్ను జాకీ కూడా మోస్తుంది. అయినా రెండు టన్నులది కొనమనే చెబుతాం. రోజూ తన శక్తి అంచుల్లో పనిచేసే జాకీ సీళ్లు తొందరగా పోతాయి. ఇంట్లో పెద్ద ఎస్‌యూవీయో, రెండు టన్నులు దాటే ఎలక్ట్రిక్ కారో కూడా ఉంటే మూడు టన్నులది తీసుకోండి.

ఎనిమిది తొమ్మిది కేజీల చిన్న ఎర్ర జాకీ మీద కూడా ‘2 టన్నులు’ అనే ఉంటుంది. అబద్ధమని కాదు, ఎత్తుతుంది. కానీ చక్రాల మధ్య వెడల్పు తక్కువ, శరీరం పొట్టి. కారు కొంచెం పక్కకి జరిగితే దాంతోపాటు అదీ ఒరుగుతుంది. ఒకే టన్నుల అంకె ఉన్న రెండు జాకీల్లో ఏది మంచిదో తేలకపోతే బరువైనదీ, వెడల్పైనదీ తీసుకోండి.

అల్యూమినియమా, ఇనుమా?

ఒకటిన్నర టన్ను అల్యూమినియం జాకీ 12 నుంచి 16 కేజీలు, మూడు టన్నుల ఇనుప లో-ప్రొఫైల్ జాకీ 30 కేజీలు పైన. మేడ కింద స్టోర్‌రూమ్‌లోంచి రోజూ మోసుకురావాలన్నా, నడుం నొప్పి ఉన్నా అల్యూమినియం సుఖం. పోర్టికోలోనే ఓ మూల ఉండిపోయేదైతే ఇనుముదే మేలు, అదే డబ్బుకి ఎక్కువ ఎత్తు, ఎక్కువ పొడుగు వస్తుంది.

అల్యూమినియం తుప్పు పట్టదు కదా, ఉప్పుగాలికి అదే మంచిదంటారు. సగం నిజం. పక్కపలకలే అల్యూమినియం, పిన్నులు, బోల్టులు, చక్రాల ఇరుసులు, పంపు అన్నీ ఉక్కువే. రెండు లోహాలు కలిసిన చోట ఉప్పు తేమ చేరితే అల్యూమినియాన్నే ముందు తింటుంది, బోల్టు చుట్టూ తెల్లపొడి పొంగుతుంది. అంతర్వేది, ఉప్పాడ వైపు సముద్రం దగ్గరున్నవాళ్లు, ఉప్పునీటి రొయ్యల చెరువుల పక్కన ఇళ్లున్నవాళ్లు ఏ జాకీ కొన్నా నెలకోసారి తడిగుడ్డతో తుడిచి, ఆరాక నూనెగుడ్డ వేయాల్సిందే.

గిన్నె కిందకి దూరింది, కానీ జాకీ మెడ బంపర్‌కి తగులుతోంది. ఎందుకు?

డబ్బా మీద రాసే తక్కువ ఎత్తు గిన్నె దగ్గరది. గిన్నె వెనక పక్కపలకలు ఎత్తుగా పెరుగుతాయి, ఇంకా వెనక పంపు ఉన్నచోట మరీ ఎత్తు. గిన్నె 80 మి.మీ. ఉన్నా, దాని వెనక 40 సెంటీమీటర్ల దగ్గర పలక 150 ఉండొచ్చు. మీరు కొలిచిన బంపర్ ఎత్తు 120, లోపలికి దూరం 60 సెంటీమీటర్లు అనుకోండి, ఆ జాకీ దూరదు. షాపులో జాకీని నేలమీద పెట్టించి, గిన్నె మధ్య నుంచి మీ దూరం ఎంతో అంత వెనక్కి టేపు పెట్టి, అక్కడ ఎత్తు చూడండి. ఆన్‌లైన్‌లో కొంటే పక్కనుంచి తీసిన బొమ్మ చూసి అంచనా కట్టాలి.

రెండో తగాదా హ్యాండిల్‌ది. జాకీ కింద ఉండగా హ్యాండిల్ పైకి లేచేటప్పుడు బంపర్ పెదవికి తగిలితే అరపంపు కొడుతూ కూర్చోవాలి. హ్యాండిల్ కిందున్నప్పుడు తక్కువ కోణంలోనూ పంపు పనిచేసేలా ఉన్నది చూసుకోండి. హ్యాండిల్‌కి పైన స్పాంజి తొడుగు ఉంటే పెయింటు బతుకుతుంది.

ఎత్తుతుంటే జాకీ తనంతట తనే కదులుతోంది. పాడైందా?

కాదు, కదలాలి. కదలకపోతేనే ప్రమాదం. గిన్నెని మోసే జాకీ చెయ్యి వెనక ఒక పిన్ను దగ్గర తిరుగుతుంది కాబట్టి గిన్నె తిన్నగా పైకి పోదు, వంపుగా హ్యాండిల్ వైపు వెనక్కి వస్తూ లేస్తుంది. చెయ్యి పొడుగు 55 సెంటీమీటర్లు, అడ్డంగా ఉన్నచోటి నుంచి 40 సెంటీమీటర్లు లేచిందనుకుంటే గిన్నె దాదాపు 17 సెంటీమీటర్లు వెనక్కి జరుగుతుంది. కారు అంత దూరం జరగదు కాబట్టి జాకీయే చక్రాల మీద కారు కిందకి దొర్లాలి. చక్రం ముందు చిన్న గులకరాయో, టైల్స్ మధ్య గాడియో, మెత్తటి నేలో అడ్డుపడితే గిన్నె పాయింటు మీంచి జారుతూ వస్తుంది. జాకీ మీంచి కారు జారిపడిన సంఘటనల్లో చాలావాటికి మూలం ఇదే. ఎత్తే ముందు చీపురుతో నేల ఊడ్చండి, చిన్నపనే కదా అని వదలొద్దు.

మా నేలకి సరిపోతుందా?

డెల్టాలో ప్రతి ఇంటికీ ఇది వేరే జవాబు.

గట్టి సిమెంటు గచ్చు, కింద కాంక్రీటు సరిగా పడి ఉంటే దానికి మించింది లేదు. వాలు మట్టుకు చూసుకోండి. వాననీళ్లు వీధిలోకి పోవాలని పోర్టికోలు వాలుగా కడతారు. సిమెంటు రోడ్లు వేసేకొద్దీ వీధి ఎత్తు పెరిగి, కొన్ని ఇళ్లలో వాలు లోపలికే తిరిగిపోయింది. నేల మీద నీళ్లు చెంబుతో పోసి చూడండి. నీళ్లు పరుగెత్తితే అక్కడ కారు ఎత్తొద్దు, మెల్లగా పాకితే చక్రాలకి అడ్డుదిమ్మలు పెట్టి ఎత్తొచ్చు.

పార్కింగ్ టైల్స్, నాపరాళ్ల కింద పరుపు ఎక్కడైనా బోలుగా ఉంటే జాకీ సన్నటి ఇనుప చక్రం కింద పగులుతాయి. నాణెంతో కొట్టి చూస్తే బోలు ఎక్కడుందో శబ్దంలో తెలిసిపోతుంది. మీద 18 మి.మీ. ప్లైవుడ్ పరిచి పని చేసుకోవాలి. ఒక ముక్క జాకీకి, అది దొర్లడానికి చోటుండేలా కనీసం నాలుగడుగులు పొడుగు. స్టాండ్లకి వేరేగా అడుగు చదరం ముక్కలు.

ఇంటర్‌లాకింగ్ దిమ్మలు వేసిన చోట కింద ఇసుక వానాకాలంలో జారిపోయి దిమ్మలు కుంగుతాయి. స్టాండు కాలొకటి అలాంటి దిమ్మ మీద ఆనితే అది దిగుతుంది, స్టాండు ఒరుగుతుంది. ఇక్కడా ప్లైవుడ్డే.

ఇక మట్టి. నల్లరేగడి, ఒండ్రు నేలల మీద ట్రాలీ జాకీ వాడొద్దు. వేసవిలో రాయిలా ఉండే నేలే ఆషాఢం వానలకి చెప్పు దిగిపోయేంత మెత్తబడుతుంది. పైన ఆరినట్టు కనిపించినా లోపల తడి ఉంటుంది. కొబ్బరితోటలో ఇసుకనేల కూడా అంతే, చక్రాలు దిగుతాయి కానీ దొర్లవు. తప్పనిసరైతే గ్రావెలు పోసి, దిమ్మిస కొట్టి, ఆపైన మందం ప్లైవుడ్ రెండు పొరలు వేసి ఒక్క చక్రం మార్చుకోండి. కిందకి మాత్రం దూరొద్దు.

స్టాండ్లు తప్పనిసరా? జాకీయే గట్టిది కదా?

తప్పనిసరి. జాకీ మొత్తం నిలబడేది ఒక రబ్బరు సీలు మీద, వాల్వులోని ఒక చిన్న ఉక్కుగోళీ మీద. గోళీ కింద ఇసుకరేణువు చేరితే కారు దిగిపోతుంది, ముందుగా చప్పుడు కూడా చేయదు. జాకీ ఎత్తడానికి, స్టాండు మోయడానికి. రెండూ కొనడానికి డబ్బు చాలకపోతే జాకీలో ఒక మెట్టు తగ్గండి.

స్టాండ్లలో పళ్లకి ఆనే రకం, పిన్ను దూర్చే రకం ఉంటాయి. పళ్ల రకం సర్దడం తేలిక. 2020లో అమెరికాలో పళ్లు సరిగా పట్టని స్టాండ్లని లక్షల సంఖ్యలో వెనక్కి తీసుకున్నారు. కొంటే పళ్లతో పాటు అడ్డపిన్ను కూడా ఉన్నదే కొనండి. లేబుల్ మీద రాసిన టన్నులు ఒక్క స్టాండుకా, జతకా అన్నది కూడా చదవండి. ఇటుకలు, సిమెంటు బోలు దిమ్మలు స్టాండుకి బదులు పెట్టొద్దు. అవి ముందు పగులు చూపించి విరగవు, ఒక్కసారిగా పొడి అవుతాయి.

జాకీ ఎక్కడ ఆనించాలి?

యజమాని పుస్తకంలో బొమ్మ ఉంటుంది, దాన్ని మించిన మాట లేదు. మామూలుగా రెండు రకాలు. చాలా హ్యాచ్‌బ్యాకుల్లో, సెడాన్లలో గడప కింద రెండు రేకులు కలిపి అతికిన అంచు నిలువుగా ఉంటుంది, దాని మీద చిన్న గాట్లు గుర్తు. ఇనుప గిన్నె నేరుగా ఆనిస్తే ఆ అంచు మడత పడుతుంది, పెయింటు లేచిపోతుంది, మన తేమలో ఆర్నెల్లలో అక్కడ తుప్పు మొదలవుతుంది. నడిమధ్య గాడి ఉన్న రబ్బరు ప్యాడ్ వాడాలి. గాడి లోతు ఆ అంచు ఎత్తు కన్నా ఎక్కువ ఉండాలి, అప్పుడే బరువు అంచు పక్కనున్న గట్టి పెట్టె మీద పడుతుంది. రెండో రకంలో, బీఎండబ్ల్యూ లాంటి కార్లలో, గడప కింద ప్లాస్టిక్ దిమ్మలు ఉంటాయి. వాటి గుంటలో కూర్చునే ప్యాడ్ వేరేగా దొరుకుతుంది.

ఆయిల్ సంపు, గేర్‌బాక్సు కింద, సస్పెన్షన్ చేతుల కింద, ప్లాస్టిక్ అడుగుపలకల మీద ఎప్పుడూ పెట్టొద్దు. ఎలక్ట్రిక్ కారుకి గుర్తు పెట్టిన నాలుగు పాయింట్లే దిక్కు, మిగతా అడుగంతా బ్యాటరీ.

ఒక చిక్కు మిగులుతుంది. గడప పాయింటు మీదే జాకీ పెడితే స్టాండుకి చోటేది? అందుకే మధ్యలో సబ్‌ఫ్రేమ్ పాయింటు నుంచి ఎత్తి, స్టాండ్లు రెండు గడపల కింద పెట్టడం. పొడుగు మెడ జాకీకి ఎక్కువ డబ్బు పెట్టడంలో అర్థం అదే. మీ కారుకి మధ్యలో అలాంటి పాయింటు ఉందని పుస్తకం చెప్పకపోతే, గడప పాయింటు దగ్గర ఎత్తి, దాని పక్కనే కంపెనీ వర్క్‌షాప్ మాన్యువల్ చూపించే రెండో ఆధారం కింద స్టాండు పెట్టాలి.

వరసగా ఏం చేయాలి?

ముందు భాగం ఎత్తుతున్నామనుకుందాం. కారు చదునులో ఆపి హ్యాండ్‌బ్రేక్ వేసి, గేరులో ఉంచండి, ఆటోమేటిక్ అయితే పార్కులో. వెనక రెండు చక్రాలకీ ముందూ వెనకా అడ్డుదిమ్మలు పెట్టండి. సామిల్లులో తుమ్మచెక్క ముక్కని ఏటవాలుగా కోయించుకుంటే జీవితాంతం ఉంటాయి. చక్రం విప్పేదైతే నట్లు ఇప్పుడే, చక్రం నేలమీద ఉండగానే, అర చుట్టు వదులు చేయండి.

జాకీ తోసి, గిన్నె పాయింటుకి అంగుళం దూరంలో ఉండగా టార్చి వేసి చూడండి. ఆనాక రెండు పంపులు కొట్టి మళ్లీ చూడండి. అక్కడి నుంచి ఒక్కో నాలుగు పంపులకీ జాకీ దొర్లుతోందో లేదో గమనించండి. స్టాండ్లు పెట్టి, రెండూ ఒకే పన్ను మీద ఉన్నాయని లెక్కపెట్టి, హ్యాండిల్ చాలా మెల్లగా, పావు చుట్టు కన్నా తక్కువ తిప్పి దించండి. వాల్వు ఒక్కసారి తెరిస్తే కారు ధబ్బుమని స్టాండ్ల మీద పడుతుంది. దిగాక బంపర్ దగ్గర కాకుండా చక్రం దగ్గర పట్టుకుని గట్టిగా ఊపండి. ఊగితే మళ్లీ ఎత్తి సర్దండి. విప్పిన చక్రాన్ని గడప కింద పడుకోబెట్టండి, స్టాండు మోసం చేస్తే అది ఆపుతుంది. జాకీ కూడా పాయింటుని తాకేలా అక్కడే వదిలేయండి.

వెనక భాగం ఎత్తేటప్పుడు హ్యాండ్‌బ్రేక్ లెక్కలోకి రాదని గుర్తుంచుకోండి. చాలా కార్లలో అది పట్టేది వెనక చక్రాలనే, అవే గాల్లో ఉంటాయి. ముందు చక్రాల అడ్డుదిమ్మలే ఆధారం.

ఇన్ని చూసినా జాకీ కిందకి దూరడం లేదు. ఏం చేయాలి?

చక్రాల కింద చెక్క పరిచి కారుని ఎక్కించండి. రెండంగుళాల మందం, అడుగు వెడల్పు, రెండడుగులు పొడుగు పలకలు రెండు చాలు, ముందు అంచు ఏటవాలుగా కోయించాలి. అయిదు సెంటీమీటర్లు కలిసొస్తాయి. చేవ ఉన్న తాటిచెక్క బాగుంటుంది. కొబ్బరి దుంగ బయటివైపు గట్టిగానే ఉన్నా లోపల మెత్తన, నొక్కుకుపోతుంది. నున్నటి టైల్స్ మీద పలక వెనక్కి తన్నుకుపోకుండా కింద పాత ట్యూబు ముక్క అతికించండి. ఎక్కించేటప్పుడు పక్కన ఒక మనిషి ఉండాలి, కారు ముందు మాత్రం నిలబడకూడదు.

ముక్కు తగిలేది జాకీకి కాక ఇంటి ర్యాంపుకే అయితే, అదే పలకలు అక్కడ కూడా పనికొస్తాయి.

పంక్చర్ షాపులో కారు ఎత్తించుకునేటప్పుడు?

ముందే మీ రబ్బరు ప్యాడ్, పాయింటు ఎక్కడో చెప్పి చూపించండి. హైవే పక్క షాపుల్లో లారీలకి వాడే బాటిల్ జాకీ కార్ల కింద పట్టదు, ఎక్కడో ఒకచోట దూర్చడానికి చూస్తారు. డిక్కీలో ప్యాడ్, రెండు చెక్కపలకలు ఉంటే గొడవ తగ్గుతుంది. ట్రాలీ జాకీని డిక్కీలో మోసుకు తిరగడం అనవసరం, ముఖ్యంగా 30 కేజీలది. గుద్దుకుంటే అదే ముందుకొస్తుంది.

రెండు పిస్టన్ల పంపు అవసరమా?

బరువు లేనప్పుడు నాలుగైదు పంపుల్లో గిన్నె పాయింటుకి చేరుతుంది, అంతే లాభం. ఉంటే హాయి, లేదని బేరం వదులుకోనక్కర్లేదు.

కొత్త జాకీ పెట్టెలోంచి తీసి వెంటనే వాడొచ్చా?

ముందు గాలి తీయాలి. రవాణాలో పెట్టె తలకిందులై ఉంటే ఆయిల్లోకి గాలి చేరుతుంది, జాకీ స్పాంజిలా ఊగుతుంది, పూర్తి ఎత్తుకి పోదు. హ్యాండిల్ ఎడమకి ఒకటిన్నర చుట్టు తిప్పి వాల్వు తెరిచి, పన్నెండు పదిహేను సార్లు పూర్తిగా పంపు కొట్టి, వాల్వు మూసి ఎత్తి చూడండి. ఇంకా స్పాంజిలా ఉంటే మళ్లీ చేయండి. తరవాత కారు కొంచెం ఎత్తి, గడప ఎత్తు టేపుతో రాసుకుని, పావుగంట ఆగి మళ్లీ కొలవండి. అయిదు మిల్లీమీటర్లకి మించి దిగితే వెనక్కి ఇచ్చేయండి.

పాతది కొంటున్నా ఇదే పరీక్ష. దాంతోపాటు చెయ్యి పూర్తిగా లేపించి పిస్టన్ రాడ్డు మీద గోరు నడిపి చూడండి. తుప్పు గుంటలు గోటికి తగిలితే ఎన్ని సీళ్లు మార్చినా చీలిపోతూనే ఉంటాయి, వదిలేయండి.

వాడుతున్న జాకీ సరిగా పనిచేయడం లేదు. దేన్ని అనుమానించాలి?

మెల్లగా దిగిపోతుంటే ముందు వాల్వు గోళీ దగ్గర మురికి. వాల్వు తెరిచి వేగంగా పంపు కొట్టి కడిగినట్టు చేయండి, చాలాసార్లు అక్కడితో తీరుతుంది. తీరకపోతే సీలు. సగం ఎత్తు దాకా లేచి ఆగిపోతే ఆయిల్ తక్కువ, లేదా గాలి. ఖాళీగా లేస్తుంది, కారు పెడితే లేవదు అంటే పంపు సీలు అరిగింది, లేదా ఎక్కువ బరువుకి తెరుచుకునే వాల్వు ముందే తెరుచుకుంటోంది. ఆ వాల్వు స్క్రూని బిగించి సరిచేద్దామని చూడొద్దు, అది మిమ్మల్ని కాపాడటానికే ఉంది. దించినా దిగకపోతే వెనక్కి లాగే స్ప్రింగు తెగిందో, చెయ్యి పిన్ను దగ్గర తుప్పు పట్టిందో చూడండి. అక్కడ గ్రీజు నిప్పిల్ ఉంటుంది, చాలామంది జాకీ జీవితంలో ఒక్కసారి కూడా కొట్టరు.

సీళ్లు మార్చాలంటే పాతదాని లోపలి కొలత, బయటి కొలత, మందం మూడూ వెర్నియర్‌తో తీసుకుని, ట్రాక్టరు, ప్రొక్లెయినర్ హైడ్రాలిక్ సామాన్లు అమ్మే షాపులో అడగండి. తణుకు, రాజమండ్రి లాంటి ఊళ్లలో దొరకని సైజు విజయవాడ ఆటోనగర్‌లో వెతకొచ్చు.

ఏ ఆయిల్ పోయాలి, ఎంత?

హైడ్రాలిక్ 32 గ్రేడు. మన ఎండలకి 46 కూడా నడుస్తుంది. 68 చిక్కన, దిగడం మెల్లబడుతుంది. జాకీ పూర్తిగా దించి, మూత తీసి, రంధ్రం కింది అంచు దాకా మాత్రమే. ఎక్కువ పోస్తే పిస్టన్ తిరిగి లోపలికి పోయేటప్పుడు చోటు లేక మూత దగ్గర కారుతుంది. చిన్న జాకీలో పావు లీటరు కూడా పట్టదు.

బ్రేక్ ఆయిల్ పోయనే పోయొద్దు. పేరులో ఆయిల్ ఉన్నా అది గ్లైకాల్ రకం, జాకీలోని నైట్రైల్ రబ్బరు సీళ్లని ఉబ్బించి పాడుచేస్తుంది. ఇంజన్ ఆయిల్లో మురికిని పట్టి ఉంచే మందులు ఉంటాయి, నీటిని కూడా అలాగే పట్టి ఉంచుతాయి. అదీ వద్దు.

వానాకాలంలో ఎలా దాచాలి?

చెయ్యి పూర్తిగా దించి, వాల్వు కొంచెం తెరిచి, చదునుగా. దించితే పిస్టన్ రాడ్డు ఆయిల్లో మునిగి ఉంటుంది, తేమ తగలదు. చోటు కలిసొస్తుందని గోడకి నిలువుగా ఆనిస్తే మూత దగ్గర ఆయిల్ కారి, దాని బదులు గాలి చేరుతుంది. ప్లాస్టిక్ కవరులో గట్టిగా చుట్టొద్దు, లోపల చెమట పడుతుంది. పాత లుంగీ కప్పి, నేలకి తగలకుండా పలక మీద పెట్టండి.

లంకల్లోనూ, ఏటిగట్టు పక్కనా ఉన్నవాళ్లు గోదావరి పెరుగుతోందన్న కబురు రాగానే జాకీని అటక ఎక్కించండి. వరదనీట మునిగితే పైన కడిగి ఆరబెడితే చాలదు. మూత తీసి ఆయిల్ చూడండి. మజ్జిగలా తెల్లగా ఉంటే నీళ్లు చేరినట్టే. మొత్తం వంచేసి, కొత్తది పోసి ఇరవైసార్లు ఎత్తి దించి, దాన్నీ పారబోసి, మళ్లీ కొత్తది పోయండి. ఒండ్రు పట్టిన చక్రాలు, పిన్నులు కిరోసిన్‌తో కడిగి గ్రీజు పెట్టాక, కారు ఎత్తి పావుగంట పరీక్ష మళ్లీ మొదటినుంచి చేసుకోవాలి.